గొలుసు వద్దన్న మాట

జూన్ 4, గురువారం

పెద్దాయన పోయి ఇవాళ్టికి తొమ్మిది రోజులు.

సైటు కొలతలు రాసుకోమని ఆఫీసులో ఇచ్చిన పుస్తకం ఇది. ముందు నాలుగు పేజీల్లో స్తంభాల మధ్య దూరాలున్నాయి. ఆ తర్వాతంతా ఖాళీ. మా ఆయనకి చెప్పుకుంటే ఓదారుస్తాడు. నాకిప్పుడు ఓదార్పు వద్దు, ఎక్కడో ఒకచోట కక్కేయాలి, అంతే.

జరిగింది జరిగినట్టు ఒకసారి రాసుకుంటాను, విచారణలో తడబడకుండా.

మే 26 మధ్యాహ్నం గాలివానకి కొమ్మ విరిగి మా వీధి తీగల మీద పడింది. మా వీధి అంటే నేనుండే వీధి కాదు. మా విద్యుత్ ఆఫీసూ బ్యాటరీ కంపెనీ కలిసి ప్రయోగం చేస్తున్న వీధి. డెబ్భై రెండు ఇళ్ళ మీద సోలార్ పలకలు, వీధి చివర లారీ అంత బ్యాటరీ. ఊరంతా కరెంటు పోయినా ఆ వీధికి పోదు. బ్యాటరీ దానంతట అదే అందుకుంటుంది. రెండేళ్ళ నుంచి ఆఫీసులో అందరూ దాన్ని నా వీధి అనే అంటున్నారు. అన్నప్పుడల్లా నాకు బాగానే ఉండేది.

పెద్దాయన ఆ సెక్షన్ లైన్‌మన్. సబ్‌స్టేషన్‌కి ఫోన్ చేసి లైను ఆపించుకున్నాడు. ఆపరేటరమ్మ ఆపి, టైము రాసుకుని, ఎక్కమని చెప్పింది. ఆమె రిజిస్టరులో ఒక్క తప్పు లేదు. బ్యాటరీ డబ్బా మీద పచ్చ దీపం వెలిగింది. బ్యాటరీ కూడా తీగ నుంచి విడిపోయింది, ఎక్కవచ్చు అని దాని అర్థం. ఆయన ఎక్కాడు. ఆరో నిమిషంలో బ్యాటరీ తీగని మళ్ళీ అందుకుంది.

గొలుసు వేయలేదు.

ఆయన్ని ఎరిగినవాళ్ళెవరూ ఈ మాట నమ్మరు. లైను ఆపాక తీగల మీదికి సన్నటి ఇనప గొలుసు విసరడం పాతకాలం లైన్‌మన్ల అలవాటు. రెండో కొస నేలలో దిగ్గొట్టిన కడ్డీకి కట్టి ఉంటుంది. ఎవరైనా పొరపాటున కరెంటు వదిలితే అది గొలుసు మీదుగా నేలలోకి పోతుంది, మనిషి దక్కుతాడు. ముప్ఫై ఏళ్ళ సర్వీసులో గొలుసు విసరకుండా ఆయన స్తంభం ముట్టుకోలేదు. అన్నం తినే ముందు కంచం మీద కూడా గొలుసు వేస్తాడని తోటివాళ్ళు ఏడిపించేవాళ్ళు.

ఇంతవరకూ రాసింది బాగానే ఉంది. విచారణలో ఇలాగే చెప్పాలి.

జూన్ 5

సారు తన గదిలోకి పిలిచి తలుపు వేశాడు. ఎప్పుడూ వేయడు. ఆయన గదికి తలుపుందన్న సంగతే నాకు కొత్త.

"పదకొండో తారీఖున విచారణ. అడిగినదానికే చెప్పు. అడగనిది చెప్పకు."

"సరే సార్."

"ఆయన గొలుసు ఇంట్లో దొరికిందట. పెరట్లో. అంటే ఆ రోజు అసలు తీసుకునే రాలేదు. ఇది రాతపూర్వకంగా ఉంది."

సారు నా మొహం చూడకుండా పెన్ను మూత తీస్తూ పెడుతూ ఉన్నాడు. నేనూ ఆ మూతనే చూశాను.

జూన్ 7, ఆదివారం

ఫోన్‌లో జాగా నిండిపోయింది. పాత మెసేజ్‌లు తీసేశాను. అక్కర్లేనివి ఎన్ని పేరుకుపోయాయో.

జూన్ 8

బ్యాటరీ కంపెనీ ఇంజనీరు ఫోన్ చేశాడు. మేమంతా కళ్ళజోడు అంటాం. ఎదురుగా అన్నా నవ్వుతాడు. మంచివాడే. ఈ రెండేళ్ళలో వాడితో పోట్లాడినంతగా మా ఆయనతో కూడా పోట్లాడలేదు. ఇవాళ వాడి గొంతులో నవ్వు లేదు.

"మన ఉమ్మడి గ్రూపు మూసేశాను. పదకొండు మందీ బయటికొచ్చేశారు. కొత్తది పెట్టాను, అందులో పని విషయాలే మాట్లాడుకుందాం."

"పాతదాంట్లోనూ పని విషయాలేగా మాట్లాడుకున్నది?"

వాడు గొంతు తగ్గించి అన్నాడు, "చూడండి, ఇంకో పాతిక వీధులకి అనుమతి రాబోతోంది. ఇప్పుడు మన సిస్టమ్‌లో లోపముందని బయటికొస్తే అన్నీ ఆగిపోతాయి. మళ్ళీ పదేళ్ళు బొగ్గు పొగే. పోయినాయన ఎలాగూ తిరిగిరాడు."

వాడన్నది అబద్ధం కాదు. ఆ వీధిలో ఊపిరి మిషను మీద బతికే ఒక ముసలావిడ ఉంది. పోయినేడు రెండు రోజులు ఊరంతా చీకట్లో ఉంటే ఆవిడ మిషను ఒక్క నిమిషం ఆగలేదు. ఆవిడ కొడుకు ఆఫీసుకొచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నాడు. అది నేను చేసిన పనే. దాన్నీ లెక్కలోకి తీసుకోవాలి కదా. ఎవరూ తీసుకోరేం?

జూన్ 9

అత్తయ్య వంకాయలు తరుగుతూ అడిగింది. ఆవిడకి కరెంటు గురించి తెలిసింది స్విచ్చు వేయడం, తీయడం.

"ఆయన గొలుసు వేసినప్పుడల్లా మీ కార్డులు కాలిపోతున్నాయని అప్పట్లో తెగ విసుక్కునేదానివి కదూ?"

"అవును."

"గొలుసు వేసేది లైను ఆపాకే కదా?"

"అవును అత్తయ్యా."

"మరి కరెంటు లేని తీగ మీద గొలుసు వేస్తే కార్డెందుకు కాలుతుందే?"

చేతులు కడుక్కునే వంకతో లేచి వచ్చేశాను. కుళాయి కింద చాలాసేపు కడిగాను.

ఇక రాయకుండా తప్పించుకోవడం నా వల్ల కాదు. రాస్తాను.

మార్చిలో రెండుసార్లు బ్యాటరీని నడిపే ఎలక్ట్రానిక్ కార్డు కాలింది. రెండుసార్లూ పెద్దాయన గొలుసు విసిరినప్పుడే. బ్యాటరీ విడిపోవడానికి అర నిమిషం పడుతుంది, ఈయన ఆగకుండా విసిరేశాడు అని కళ్ళజోడు తేల్చేశాడు. పెద్దాయన్ని అడిగాను. "ఆగానమ్మా. ఎదురింటివాళ్ళు టీ ఇస్తే తాగి, గ్లాసు కడిగిచ్చి, అప్పుడు విసిరాను" అన్నాడు. మా దగ్గర సెకన్లలో లెక్కలుంటే ఈయన టీ గ్లాసుల్లో చెబుతున్నాడని మేమిద్దరం నవ్వుకున్నాం. ఆయన ముందు కాదు, కారులో.

కొత్త కార్డు రావాలంటే ఆరు వారాలు. ఏప్రిల్‌లో పై అధికారులు ప్రయోగం చూడటానికి వస్తున్నారు. మూడోసారి కాలితే చూపించడానికి ఏమీ ఉండదు. మార్చి 19న ఉమ్మడి గ్రూపులో రాశాను. రాసింది నేనే. కళ్ళజోడు రాయమన్నాడు, సారుకి తెలుసు, కానీ వేళ్ళు నావి.

"మన వీధిలో ఇకపై ఎవరూ గొలుసు వేయవద్దు. బ్యాటరీ తనంతట తానే విడిపోతుంది. పచ్చ దీపం చూసి ఎక్కితే చాలు."

సరేనంటూ బొటనవేలి బొమ్మలు వరసగా వచ్చాయి. ఒక్కరూ ఒక్క ప్రశ్న అడగలేదు. మా ఆఫీసువాళ్ళు కంపెనీవాళ్ళకి తెలుసుననుకున్నారు, కంపెనీవాళ్ళు మాకు తెలుసుననుకున్నారు. కలిసి పనిచేయడమంటే ఇదేనని నెలకోసారి మీటింగు పెట్టుకుని మరీ మెచ్చుకున్నాం.

ఇంకొకటి. ఆ పచ్చ దీపం తీగని చూడదు. మేం పంపిన ఆదేశాన్ని చూస్తుంది. 'విడిపో' అని బ్యాటరీకి చెప్పగానే వెలుగుతుంది. విడిపోయిందో లేదో, విడిపోయాక మళ్ళీ కలిసిందో దానికి అనవసరం. తీగని చూసే పరికరం రెండో విడతలో పెడదామనుకున్నాం. ఆ డ్రాయింగు మీద సంతకం నాది.

అంటే మార్చిలో రెండుసార్లూ తీగలో కరెంటు ఉంది. రెండుసార్లూ గొలుసు లేకపోతే ఆయన అప్పుడే పోయేవాడు. గొలుసు నిజం చెప్పింది. కార్డు కాల్చిందని మేం గొలుసు మీద కోప్పడ్డాం.

అత్తయ్యకి వంకాయలు తరుగుతూ తట్టింది నాకు పదిహేనేళ్ళ సర్వీసులో తట్టలేదు. తట్టలేదా?

జూన్ 10

అయినా నేను చెప్పింది సలహా. ఆర్డరు కాదు. ఆర్డరంటే నెంబరుండాలి, సారు సంతకం ఉండాలి. లైన్‌మన్ ప్రాణం లైన్‌మన్‌ చేతిలో అని వాళ్ళ రూల్సులోనే ఉంది. తేడా ఉంది.

జూన్ 11, గురువారం

విచారణ అయింది. నలభై నిమిషాలు.

"ఆ వీధిలో గొలుసు వాడకూడదని ఎవరైనా సూచన ఇచ్చారా?" విచారణాధికారి తలెత్తకుండా అడిగాడు, రాసుకుంటూ.

"అలాంటి సూచన ఇచ్చినట్టు నాకు గుర్తులేదు."

రాసుకున్నాడు. తర్వాతి ప్రశ్నకి పోయాడు. అంత తేలిగ్గా అయిపోయింది. బయటికొచ్చాక సారు నీళ్ళ సీసా ఇచ్చాడు, మూత తీసి మరీ.

జూన్ 12

తిన్నాను. పడుకున్నాను. లేచాను.

జూన్ 16

ఆఫీసు గోడ మీద పోస్టరు అంటించారు. ప్రతి సెక్షన్ ఆఫీసులోనూ అంటిస్తున్నారట. పైన పెద్దాయన ఫోటో. ఐడీ కార్డుకి తీసింది, బిగుసుకుపోయి ఉన్నాడు. కింద ఎర్ర అక్షరాలు: "గొలుసు వేయని ఫలితం. ఈ నిర్లక్ష్యం మీరు చేయకండి."

లైన్‌మన్లు ఒక్కొక్కరే వచ్చి చూస్తున్నారు. ఒకడు నావైపు తిరిగి, "గొలుసు వేయనిది ఈయనా మేడమ్?" అన్నాడు. వాడి గొంతులో కోపం కూడా లేదు. నిజంగానే అడిగాడు.

మీటింగుందని చెప్పి లోపలికి వచ్చేశాను.

జూన్ 18

పెద్దాయన భార్య ఆఫీసుకొచ్చింది. గేటు దగ్గర వాచ్‌మన్ ఆపితే గంట కూర్చుందట, నాకెవరూ చెప్పలేదు. మొహం పీక్కుపోయింది. నా బల్ల దగ్గర కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"పోస్టరు చూశానమ్మా" అంది. "బస్సు దిగి వస్తుంటే కనబడింది. మనవడికి చదవడం వచ్చింది ఈ మధ్యే. వాడు గట్టిగా చదివాడు."

నేను బల్ల మీది కాగితాలు సర్దాను.

"గొలుసు ఇంట్లో ఎందుకుందని వాళ్ళు నన్నడిగారు. నాకు తెలిసింది చెప్పాను, ఆఫీసులో వద్దన్నారట అన్నాను. కాగితముందా అన్నారు. నా దగ్గర కాగితమెక్కడిది?" సంచిలోంచి ఫోన్ తీసింది. "ఎక్కే ముందు బండి సంచిలో పెట్టాడు. అందుకని బాగానే ఉంది. మీరు చూడండమ్మా. మీకైతే ఏది ఎక్కడుందో తెలుస్తుంది. మీ మాటంటే ఆయనకి గురి."

"చూస్తాను అక్కా."

"ఆ పోస్టరు తీసేస్తే చాలు నాకు. ఇంకేమీ వద్దు."

ఫోన్ నా చేతిలో పెట్టి, తాళం గుర్తు ఎలా గీయాలో వేలితో గాలిలో గీసి చూపించింది. ఇల్లు బొమ్మ.

జూన్ 19

ఫోన్ బీరువాలో ఉంది. రేపు చూస్తాను.

జూన్ 20

ఇవాళ కుదరలేదు.

జూన్ 21, ఆదివారం

చూశాను. పనికొచ్చేదేమీ లేదు.

జూన్ 22

ఫోన్ తిరిగి ఇచ్చేశాను. ఆవిడ ఇంటి దాకా వెళ్ళలేదు, ఆఫీసు గేటు దగ్గరికే రమ్మన్నాను. "ఏమీ లేదక్కా, అంతా వెతికాను" అన్నాను.

"పోనీలెండి, మీరు శ్రమపడ్డారు" అంది. నేను శ్రమపడ్డానట.

జూన్ 23

పొద్దున ఏడింటికి ఫోన్. ఆయన నెంబరే. తెర మీద పెద్దాయన అని ఉంది.

ఆవిడే.

"అమ్మా, ఆయన గొంతు కనబడటం లేదు."

"ఏ గొంతక్కా?"

"మీకు పంపాడు కదా. వేళ్ళతో రాయడం రాదని మాట్లాడి పంపేవాడు. అదొక్కటే ఉంది ఆయన గొంతు. రోజూ పొద్దున టీ పెట్టుకుని వింటున్నాను. ఇవాళ లేదు. మీకిచ్చిందీ దానికోసమే. అది వాళ్ళకి వినిపిస్తారని. పొరపాటున ఎక్కడికైనా పోయిందేమో, కాస్త వెతికి పెట్టండమ్మా."

వెతుకుతానన్నాను. వెతుకుతాను అన్నాను. ఈ నోరు ఆ మాట అంది.

జూన్ 24

21న రాసింది అబద్ధం. నా పుస్తకంలో నాకే అబద్ధం రాసుకున్నాను.

ఫోన్‌లో రెండూ ఉన్నాయి. గ్రూపులో నా మెసేజ్, దాని కింద నాకు విడిగా ఆయన పంపిన మాట, పదిహేడు సెకన్లు. ఒకసారి విన్నాను. రెండూ తుడిచేశాను. నా ఫోన్‌లోంచి ఈ నెల 7నే తీసేశాను, జాగా నిండిందని. జాగా నిండలేదు. సగం ఖాళీగా ఉంది.

మెసేజ్ తుడిచానని నాకు తెలుసు. గొంతు తుడిచానని ఆవిడ చెబితే గానీ తెలియలేదు.

మా ఆయనకి అంతా చెప్పాను. ఓదార్చలేదు. లేచి వెళ్ళి వరండాలో కూర్చున్నాడు. మధ్యాహ్నం ఆఫీసులో ఫోన్లు బాగుచేసే కుర్రాళ్ళని కూడా అడిగాను, తుడిచింది తిరిగొస్తుందా అని. రాదన్నారు. ఇద్దరిని అడిగాను. ఇద్దరూ అదే అన్నారు.

జూన్ 25, గురువారం

రెండు పేజీలు రాసి సంతకం పెట్టి విచారణాధికారి దగ్గరికి వెళ్ళాను. మార్చి 19 మెసేజ్ అక్షరం పొల్లుపోకుండా. మార్చిలో కాలిన కార్డుల సంగతి. దీపం సంగతి. ఫోన్ సంగతి కూడా.

ఆయన రెండుసార్లు చదివాడు.

"రిపోర్టు వెళ్ళిపోయిందమ్మా, సోమవారమే."

"మళ్ళీ తెరవండి."

"దేన్ని చూపించి? మెసేజ్ లేదు. ఆ గ్రూపులో ఉన్న మిగతా పదిమందినీ అడగమంటారా?"

"అడగండి."

నా ముందే స్పీకరు పెట్టి కళ్ళజోడుకి ఫోన్ చేశాడు. అటునుంచి వాడి గొంతు, చాలా మర్యాదగా: "అలాంటి సూచన చూసినట్టు నాకు గుర్తులేదు సార్. మేడమ్ బాగా కుంగిపోయి ఉన్నారు. ఆయనంటే ఆవిడకి అభిమానం."

నేను చెప్పిన వాక్యమే వాడు చెప్పాడు. నా దగ్గరే నేర్చుకున్నట్టుంది. సారుకి చేశాడు, సారు కూడా అదే. ఇంకెవరికీ చేయనక్కర్లేదని నేనే అన్నాను.

కాగితాలు తీసుకుని సొరుగులో పెట్టాడు. చింపలేదు. "కొన్నాళ్ళు సెలవు పెట్టండి" అన్నాడు, జాలిగా.

బయటికొచ్చి గోడ మీద పోస్టరు చింపాను. గోరు విరిగింది. సాయంత్రానికి ఇంకొకటి అంటించారట, ఆపరేటరమ్మ ఫోన్ చేసి చెప్పింది. వాళ్ళ దగ్గర కట్టలున్నాయి.

జూన్ 27, శనివారం

ఆవిడ ఇంటికి వెళ్ళాను. రెండు గదులు, వెనక చిన్న పెరడు. మనవడు బయట ఆడుకుంటున్నాడు. ఆవిడ స్టూలు జరిపి కూర్చోమంది. ఈసారి నేను కూర్చోలేదు.

చెప్పాను. గొలుసు వద్దన్నది నేనే అన్నాను. అది ఆవిడకి ముందే తెలుసు, రోజూ పొద్దున వింటున్నది అదే కదా. తుడిచింది నేనే అన్నాను. ఆ మాటకి ఆవిడ పొయ్యి మీద గిన్నె దించి కింద పెట్టింది. విచారణలో అబద్ధం చెప్పాననీ, మొన్న నిజం చెబితే ఎవరూ నమ్మలేదనీ చెప్పాను. పోస్టరు తీయించలేకపోయానన్నాను. అన్నీ చెప్పేశాక ఇంకా ఏదో మిగిలినట్టే ఉంది.

తిడుతుందనుకున్నాను. తిట్టించుకోవాలనే వెళ్ళాను, నిజానికి. తిట్టలేదు. గిన్నె మీద మూత పెట్టి, కొంగుతో చేయి తుడుచుకుని నన్ను చూసింది.

"తుడిచే ముందు విన్నారా?"

"విన్నాను."

"మొత్తం?"

"మొత్తం విన్నానక్కా."

"గుర్తుందా?"

గుర్తుంది. అదొక్కటే గుర్తుంది.

"అయితే అనండి" అంది. "ఆయన ఎలా అన్నాడో అలా అనండి. నాకు నిన్నటి నుంచి మధ్యలో ఒక ముక్క తప్పిపోతోంది. మొదలు వస్తోంది, చివర వస్తోంది. మధ్యలోది రావడం లేదు."

వద్దనాలనుకున్నాను. వద్దనే హక్కు నాకెక్కడిది? వంటగదిలో నిలబడి అన్నాను:

"సరేనమ్మా. మీరు చదువుకున్నవాళ్ళు, మీరు చెప్పాక ఇంకేముంది. రేపట్నుంచి గొలుసు తేను. పెరట్లో కట్టేస్తా, మా ఆవిడ బట్టలారేసుకుంటుంది."

ఆవిడ కళ్ళు మూసుకుని వింది. పెదాలు నాతోపాటు కదిలాయి. అయిపోయాక కూడా కాసేపు అలాగే ఉంది, ఇంకా ఏదో రావాలన్నట్టు. తర్వాత కళ్ళు తెరిచింది.

"చివర్లో నవ్వుతాడు" అంది. "అది వదిలేశారు. మళ్ళీ అనండి."